ఎలుగుబంటిని నిద్రపుచ్చిన సార్జెంటు

సౌనా అనే ఆవిరిగదిలో కూర్చుంటే చర్చిలో కూర్చున్నట్టు ఉండాలని ఆ సరస్సు ఒడ్డు పెద్దలు చెబుతూ వచ్చారు. పెద్దలు చెప్పినవన్నీ పాటిస్తే లోకంలో కథలే ఉండవనుకోండి. యల్మరి సార్జెంటు దాని తలుపు తీస్తూనే మాట మొదలుపెట్టాడు. పై మెట్టెక్కి కూర్చునేసరికి కథలో లెబనాన్ చేరుకున్నాడు.

ఆయన తొందరకు కారణముంది. జన్మంతా కుర్రాళ్లచేత కవాతు చేయించి ఇంటికొచ్చినవాడికి పొద్దు పోవద్దూ? గోడలకు కవాతు నేర్పలేం గదా. కిందటి శరదృతువులో పదవీ విరమణ చేసిన సైనికులకూ, పంతుళ్లకూ ఊరివాళ్లొక శిక్షణ పెట్టారు. ఊపిరి ఎలా పీల్చాలి, మనసెలా నిమ్మళించాలి, నిద్ర ఎలా పట్టాలి అన్నవి తాము నేర్చుకుని నలుగురికీ నేర్పే శిక్షణ. సార్జెంటు అందులో నెగ్గాడు. ఎదురింటి హెల్వి టీచరు కూడా నెగ్గింది. బతుకంతా లెక్కలు చెప్పిన మనిషి, మాట పొదుపు. ఇప్పుడు చలి ఈతగాళ్ల సంఘానికి బుధవారం బుధవారం ఒక క్లాసు మంజూరైంది. క్లాసు ఒక్కటే, గురువూ ఒక్కరే. ఎవరన్నది సంఘం పెద్ద ఓస్మో రేపు ఊరి ఆఫీసులో చెప్పి రావాలి.

ఆ ఓస్మో కాలిన రాళ్ల పొయ్యి పక్కన, వాటి మీద నీళ్లు పోసే గరిటె పట్టుకుని కూర్చున్నాడు. హెల్వి టీచరు కింది మెట్టు మీద ఊలు టోపీ కనుబొమల దాకా లాక్కుని కళ్లు మూసుకుంది. గడ్డకట్టిన సరస్సులో కోసిన గోతిలో మునిగొచ్చినవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు ఒళ్లు కాచుకుంటున్నారు. బుధవారమైతే తనకోసం ఎదురుచూసే మనుషులంటూ కొందరుండాలి. సార్జెంటుకు అంతే కావాలి. అది అడగడం చేతకాక కథ ఎత్తుకున్నాడు.

"లెబనాన్‌లో మా శాంతిసేన శిబిరంలో ఒక కుర్రాడుండేవాడు, నిద్రపట్టక కళ్లు గుంటలు పడిపోయాయి. పక్కన కూర్చోబెట్టుకుని, ముక్కుతో పీల్చు, కాసేపు ఆపు, వేడి సూపు ఊదుకున్నట్టు వదులు అన్నాను. నాలుగోసారి వదిలేలోగా గురక."

అది జరిగే ఉంటుందని ఓస్మో తలూపాడు. ఆ ఊపే కొంప ముంచింది. నమ్మే మనిషి కనబడితే కోతలరాయుడికి పూనకమే మరి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గురక విని పక్కవాడూ అలాగే పీల్చాడు, వాణ్ని చూసి ఇంకొకడు. చీకటిపడేసరికి శిబిరం మొత్తం పడకేసింది. కాపలావాడు నిలబడే నిద్రపోయాడు. గాలి అటు వీచింది కాబోలు, అవతలి గుట్ట మీద తుపాకులు పట్టుకున్నవాళ్లకూ మా ఊపిరి సోకింది. రెండు రోజులు ఒక్క గుండు పేలితే ఒట్టు."

సార్జెంటు మోకాలు ఒకటే ఆడుతోంది. మాట ఆగితే ఈ గదిలో రాళ్ల చప్పుడొక్కటే మిగులుతుంది. ఆ చప్పుడంటే ఆయనకు పడదు. అందుకని ఊపిరి తిప్పుకోకుండానే లెబనాన్ నుంచి తమ అడవికొచ్చేశాడు. కిందటి జనవరిలో, చలికాలమంతా పడుకోవాల్సిన ఎలుగుబంటి ఒకటి నిద్రపట్టక గుహలోంచి బయటికొచ్చి తిరుగుతోందట. అటవీశాఖవాళ్లు తుపాకులు తీశారట. తాను అడ్డం పడి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని నేర్పాడట.

"దానికి ఏ భాషలో చెప్పారేమిటి?" అన్నాడు ఓస్మో.

"కవాతు భాషలో. అది అర్థంకాని ప్రాణి లేదయ్యా."

ఆ ఎలుగు జూను నెలలో నడివేసవి పండుగ మంటలు వేసేదాకా లేవలేదట. లేచాక కూడా ఆవలిస్తూ బెర్రీ పళ్లు తినడం మరిచిపోయిందట. ఇదీ చాలలేదు. మొన్న శరదృతువులో గాలికి సరస్సు ఒకటే అల్లాడిపోతుంటే చూడలేక, రేవు చెక్కల మీద కూర్చుని దానిచేత కూడా ఊపిరి పీల్పించాడట. సరస్సు అలలు మానేసి, నిమ్మళించి, సెప్టెంబరులోనే గడ్డకట్టిందట. పడవలు ఎక్కడివక్కడే నిలిచాయట.

"ఇవాళ మీరీ గోతిలో మునుగుతున్నారంటే ఎవరి పుణ్యం అనుకున్నారు? సరస్సునే పడుకోబెట్టినవాడికి మీరొక లెక్కా? ఈ ఊళ్లో నిద్రపట్టనివాడంటూ ఉంటే నా ఎదుటికి రమ్మనండి."

హెల్వి టీచరు కళ్లు తెరిచింది. క్లాసులో వెనక బెంచీవాణ్ని లేపినట్టు, మెల్లగానే పలికింది.

"సార్జెంటుగారూ, ఆదివారం నుంచి మంచు పడలేదు. ఇవాళ తెల్లవారకముందు మీ వాకిట్లో పారతో ఎత్తిపోసిందేమిటి?"

ఆడుతున్న మోకాలు ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. సార్జెంటు దగ్గర అబద్ధాలకు కరువా? ఉడుత పేరో, పోస్టువాడి పేరో చెప్పి తప్పుకోవచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు.

"సరస్సు మీంచి తెచ్చుకున్నాను," అన్నాడు. "లాగుడుబండిలో. వాకిట్లో పోసుకుని, మళ్లీ ఎత్తిపోశాను."

"ఎందుకూ?"

"తెల్లారేదాకా ఏదో ఒకటి చెయ్యాలి గదండీ."

ఎలుగుబంటి కంటే ఇదే పెద్ద కోత అనుకుని ఓస్మో నవ్వబోయాడు. సార్జెంటు మొహం చూసి మానుకున్నాడు. ఏమీ తోచక రాళ్ల మీద ఒక గరిటె నీళ్లు పోశాడు. ఆవిరి బుస్సుమని లేచి అందరి మొహాలూ కప్పేసింది. అది తగ్గాక ఆయనకు ఒక అనుమానం వచ్చింది.

"అవునుగాని టీచరుగారూ, ఆ వేళప్పుడు మీరు కిటికీ దగ్గరేం చేస్తున్నారు?"

ఆవిడ టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది.

"బడి గంట. ఇంకా చీకటుండగానే మోగుతుంది నాకు. ఆ బడి మూసేసి ఏళ్లయింది."

అప్పుడు గదిలో రాళ్ల చప్పుడొక్కటే మిగిలింది. సార్జెంటు కథ ఎత్తుకోలేదు.

"రేపు ఇద్దరి పేర్లూ చెప్పొస్తాను," అన్నాడు ఓస్మో. "ఒప్పుకోకపోతే ఒప్పించొస్తాను. ఒకరికి కునుకు పడితే రెండోవారు పాఠం నడపండి."

సార్జెంటు మెట్లు దిగి తలుపు దాకా వెళ్లాడు. వెనక నుంచి హెల్వి టీచరు పిలిచింది.

"సార్జెంటుగారూ, రేపు తెచ్చే మంచులో సగం మా వాకిట్లో పోయండి. నా దగ్గరా పార ఉంది."