పది లక్షల ఒకటి

హలో… ఆ, ఎస్తేరునే మాట్లాడుతున్నానండీ, బందరు స్కూలు నుంచి. మీరు?… ఓ, దేవసహాయం గారా. చల్లపల్లి పోస్టాఫీసు నుంచా… కొంచెం గట్టిగా చెప్పండి, గరగరమంటోంది.

లేదు, ఇప్పుడు క్లాసు లేదు. ఇది హెడ్మిస్ట్రెస్ సరోజిని గారి గది… ఆ, ఇక్కడే ఉన్నారు. పేపర్లు దిద్దుకుంటున్నారు, మన మాటలు వినటం లేదు లెండి.

కోపమా, నాకెందుకండీ? పెళ్లిచూపుల్లో మీ మేనత్తగారు కీర్తన పాడమన్నారు, పాడాను. నేను మిమ్మల్నొక లెక్కడిగాను. చెల్లుకు చెల్లు…

అవును, ఇవాళ సాయంత్రమే నాన్నగారు మీవాళ్లకు కబురు చెయ్యాలి. అవునో కాదో నా మాటను బట్టే… అందుకేనా ఫోను? సరే, చెప్పండి. పది లక్షల ఒకటి. ఒకటి, అయిదు సున్నాలు, ఒకటి. ఒకటీ, ఆ సంఖ్యా కాక దాన్ని ఇంకే సంఖ్యయినా శేషం లేకుండా భాగిస్తుందా?

…భాగించదంటారా. ఎలా తెలిసింది?… మూడుతో చేశారు, ఏడుతో, పదకొండుతో… అన్నీ చేత్తోనే?… తొంభై ఏడు దాకానా!

నవ్వటం లేదండీ. మీకు ముందు గుడివాడ నుంచి ఒకాయన వచ్చారు. ఇదే అడిగితే, చివర ఒకటుంది కాబట్టి దేనికీ లొంగదని తేల్చేసి పకోడీలు తిన్నారు. పెన్సిలు పట్టింది మీరొక్కరే.

కానీ తొంభై ఏడు దగ్గర ఎందుకాపారు?… వంద దాకా చూస్తే చాలని మీ బావగారన్నారా. బాగానే ఉంది. నూట ఒకటితో చెయ్యండి… ఇప్పుడే. పోస్టుమాస్టరు గారిని పెన్సిలడగండి.

…వెయ్యిలో తొమ్మిదిసార్లు. మిగిలింది తొంభై ఒకటి. సున్నా దించండి… మళ్లీ తొమ్మిదే, మిగిలింది ఒకటి. ఇంకో సున్నా దించండి. పదిలో పోదు, పైన సున్నా పెట్టండి. ఇక చివరి ఒకటి. ఇప్పుడెంతయింది?… మళ్లీ చదవండి… ఆ, నూట ఒకటే. శేషం లేదు. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటిసార్లు పోయింది.

అలా దిగాలుపడకండి. తప్పే, కాదనను. వందని వందతో, మళ్లీ వందతో హెచ్చవేసి ఒకటి కలిపితే ఈ సంఖ్యే. రెండు ఘనాల మొత్తం సూత్రం పట్టుకుంటే, వందా ఒకటీ కలిపిన నూట ఒకటి దాన్ని భాగిస్తుందని ఒక్క గీతలో తేలిపోతుంది… అవును, నాది అడ్డదారే.

ఏమిటీ? ఆ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి మళ్లీ విరుగుతుందా అనా?… నేనెప్పుడూ చూడలేదండీ. అది వంద వందలకు లోపే కాబట్టి, దానికైతే నిజంగానే వంద దాకా చూస్తే చాలు. మూడుతో, ఏడుతో—

ఆగండి… ఒక్క క్షణం ఆగండి.

అది మీరు చేసేశారు… అవునండీ, మీరే. చిన్నదాన్ని భాగించేది ఏదైనా పెద్దదాన్నీ భాగించి తీరాలి కదా. తొంభై ఏడు దాకా ఏదీ పెద్దదాన్ని భాగించలేదని మీరే తేల్చారు. కాబట్టి చిన్నది ఇక విరగదు. మీ కష్టం ఒక్క పిసరు కూడా వృథా పోలేదు… నాకిన్నాళ్లూ తట్టనే లేదు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఆపరేటరు గారూ, టైమైందని తెలుసండీ, ఒక్క మాట.

దేవసహాయం గారూ, సాయంత్రం మీ ఇంటికి కబురొస్తుంది… ఏమనా? ఇంకా అడుగుతున్నారా. సరేనని… సరేనన్నానండీ… హలో… హలో—

కట్టయిందండీ సరోజిని గారూ… లేదు లేదు, సరేనన్నాక నవ్వారు, ఆ తర్వాతే కట్టయింది… మీరు వినటం లేదని చెప్పానే ఆయనకు.