ముక్కు పైకుంటే ఆఫ్

ఇస్తానే. అమ్మ ఆస్పత్రి కాగితాలు ఎక్కడికీ పోవు, బీరువాలోనే ఉన్నాయి. వచ్చిన దగ్గర్నుంచి కాగితాలు, కాగితాలని ప్రాణం తీస్తున్నావు. ముందు ఆ పుస్తకం మూసి, పెన్ను బ్యాగులో పడేసి, ఇలా వచ్చి కూర్చో.

ఏం రాస్తున్నావసలు అందులో? 'తలుపు తాళం వేశాను. కుళాయి కట్టాను. పొయ్యి ఆపాను.' పక్కన టైము కూడానా? రోజూ ఇల్లు కదిలే ముందు ఇదంతా రాసుకుంటున్నావా?

బస్సులో గొడుగు మర్చిపోయావు, ఒప్పుకున్నా. రెండుసార్లు మర్చిపోయావు, సరే. గొడుగు మర్చిపోని మనిషి ఎవరే లోకంలో? దానికి ఉద్యోగం మానేస్తావా? పదిహేడేళ్ళుగా ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చుంటున్నావు, ఒక్క మాత్ర తేడాగా ఇచ్చిన పాపాన పోలేదు. రేపెప్పుడో ఇచ్చేస్తానేమోనని ఇవాళే రాజీనామా రాసుకొచ్చావు. అమ్మకి మతిమరుపు జబ్బు వచ్చింది కాబట్టి నాకూ వస్తుంది, అది రక్తంలోనే ఉంటుంది అంటావు.

ఉండు. నన్ను చెప్పనీ. మధ్యలో ఆపావంటే మళ్ళీ మొదలుపెట్టలేను.

ఈ కరెంటు పొయ్యి ఎందుకు విప్పి పెట్టానో అడగలేదేం? అవున్లే, నేను ఏదో ఒకటి విప్పకుండా ఉన్న రోజు నువ్వెప్పుడు చూశావు గనక. మెయిన్ ఆపేశాలే, భయపడకు. నీకు చూపించడానికే విప్పాను.

నీకు తెలుసుగా, ఈ ఇంటి గడప మెకానిక్కెవడూ తొక్కలేదు. నాన్న పోయినప్పటినుంచీ ఫ్యాను నేనే, మిక్సీ నేనే, కుళాయిలో వాషరు నేనే. పుస్తకాలకి అట్టలు వేసుకునే బైండింగువాడికి కరెంటు పనెందుకురా అనేది అమ్మ. అంటూనే పక్కింటావిడ దగ్గర మాత్రం, మావాడి చెయ్యి పడితే చచ్చిన సామాను లేచి కూర్చుంటుందనేది. ఆ ఒక్క మాట చాలదూ నాకు? ఇక ఎవరేం చెప్పినా నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఇదిగో, ఎడమవైపు ముందున్న ఈ కాయిల్ చుట్ట. అమ్మ ఎప్పుడూ దీనిమీదే వండేది. ఒకరోజు దీనికి వేడి తగ్గడం మానేసింది. తక్కువలో పెట్టినా భగభగా ఎర్రగా ఉండేది. చుట్ట మార్చాలన్నాడెవరో. నేను నవ్వాను. ఆ చుట్టే పీకి కుడివైపు పెట్టి చూస్తే, అక్కడ బుద్ధిగా పనిచేసింది. అంటే చుట్ట మంచిదే, దాన్ని నడిపించే స్విచ్చి పోయింది. చూశావా, ఇంతవరకూ నా తప్పు ఎక్కడా లేదు.

ఆ స్విచ్చి తెప్పించడానికి నెల పడుతుందన్నాడు కొట్టువాడు. ఒక్క స్విచ్చి కోసం నెల్లాళ్ళు కూర్చోవడమా, నేనా? పాత సామాన్ల కొట్టుకెళ్ళి, ఎవరో పారేసిన వేరే రకం పొయ్యిలోంచి స్విచ్చి పీక్కొచ్చా. నాలుగు తీగలు, రెండు స్క్రూలు. అరగంటలో అయిపోయింది. వేడి తగ్గమంటే తగ్గింది, పెరగమంటే పెరిగింది. ఆ పూట భోజనాల దగ్గర నేను కొట్టుకున్న డబ్బా మీ వదిన ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఒక్క చిన్న తేడా వచ్చింది.

ఈ నాబ్ పట్టుకో. మధ్యలో ముక్కులా పొడుచుకొచ్చిందే, దాన్ని పట్టుకునే కదా తిప్పుతాం. ఈ పొయ్యికి నాలుగు నాబులు, నాలుగింటికీ ముక్కు పైకుంటే ఆఫ్. ఇప్పుడు వెనక్కి తిప్పి చూడు. కన్నం పూర్తిగా గుండ్రంగా లేదు, ఒకవైపు చదునుగా ఉంది. స్విచ్చి కడ్డీకీ అలాగే ఒకవైపు చదునుంటుంది. ఆ రెండూ కలిస్తేనే నాబ్ లోపలికి దిగుతుంది. నేను తెచ్చినదానికి ఆ చదును ఇంకో వైపుంది. నాబ్ దిగడానికి దిగింది, కానీ పక్కకి తిరిగి దిగింది. ముక్కు కుడివైపుకుంటే ఆఫ్. పైకుంటే సన్నగా కాగుతూ ఉంటుంది. ఎర్రబడనైనా ఎర్రబడదు, చూసేవాళ్ళకి చల్లారిపోయినట్టే ఉంటుంది.

ఆ మాత్రానికి మళ్ళీ విప్పడం ఎందుకులే అనుకున్నా. మీ వదిన గోళ్ళరంగు తీసుకుని, అసలు ఆఫ్ ఎక్కడో అక్కడ ఎర్రచుక్క పెట్టాను. అమ్మని పిలిచి, దీనికి మాత్రం ముక్కు ఈ చుక్క దగ్గరికి రావాలమ్మా, కనబడుతోందిగా అన్నాను. కనబడకేం, నాకేమన్నా గుడ్డా అంది.

కనబడలేదే అమ్మకి. ఆ చుక్క ఒక్కరోజు కూడా కనబడలేదు.

సూదిలో దారం నీచేత ఎక్కించుకునేది, గుర్తుందా? ఉత్తరం వస్తే కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, నువ్వే చదువు అనేది. కంటికి ఆపరేషన్ అంటారేమోనని భయం. వంటిల్లంతా చేత్తోనే చూసుకునేదే మనిషి. ఉప్పు డబ్బా, కారం డబ్బా, అన్నీ చేతికే తెలుసు. పొయ్యీ అంతే. ముక్కు పైకి తిప్పేది, చేతులు తుడుచుకునేది, బయటికొచ్చేది. ఆఫ్ దగ్గర టక్కుమని ఆగాలి కదా అంటావా? అరిగిపోయిన స్విచ్చి, టక్కూ లేదు గిక్కూ లేదు. వెలుగుతోందని చెప్పే లైటు ఎప్పుడో మాడిపోయింది. వంటకి లైటెందుకులే అని నేనే మార్చలేదు.

తర్వాతదంతా నీకు తెలిసిందే. గిన్నెలు మాడాయి. ప్లాస్టిక్ మూత కరిగి చుట్టకి అంటుకుపోయింది. ఓసారి చేతిగుడ్డ కాలి ఇల్లంతా పొగ. నేను వెళ్ళి చూస్తే నాబ్ చుక్క దగ్గర ఉండేది కాదు. అంటే ఆపలేదు. అడిగితే ఒకటే మాట.

'ఆపానురా. నా చేత్తో ఆపాను.'

ఆ చెయ్యి గాల్లో తిప్పి చూపించేది కూడా, ఇదిగో, ఇలా, ముక్కు పైకి. ఎన్నిసార్లు చూపించి ఉంటుందే నాకు? చెయ్యి ఎటు తిరుగుతోందో చూడలేదు నేను. మొహం చూసి జాలిపడ్డాను. ఆపకపోగా ఆపానంటోంది, ఇక మతి పోవడమంటే ఇంకేముంటుంది అనుకున్నాను.

నువ్వూ అరిచావు, నిజమే. కొంపలు అంటిస్తావా అమ్మా అన్నావు ఓసారి, ఆ గుమ్మంలోనే నిలబడి. ఏడవకు. నీ తప్పేం లేదందులో. నేను ఫోన్‌లో చెప్పింది నువ్వు నమ్మావు. వంటింట్లోకి రానివ్వొద్దన్నది నేను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ నేనే.

ఆ డాక్టరు ఇవాళ ఏ వారం అని అడిగాడు. రెండు నెలలుగా పనీపాటా లేకుండా కుర్చీలో కూర్చోబెట్టినదానికి ఏ వారమైతే ఏముంది, బుధవారానికి శుక్రవారం అంది. గడియారం బొమ్మ వెయ్యమంటే అంకెలన్నీ ఒక మూలకి కుక్కేసింది. ఆ కాగితం అంచు ఆవిడకి కనబడిందో లేదో మేమెవరమూ అడగలేదు. అవేనే నువ్వడుగుతున్న కాగితాలు. వాటిల్లో రాసి ఉన్నది నేను బిగించిన స్విచ్చి సంగతి.

నిజంగా రోగమే లేదా అంటే, నాకు తెలియదు. చివర్లో నిజంగానే ఏదో అయింది మనిషికి. అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ, నేను తిన్నానా అనడిగేది. కానీ మొదట్లో ఏ రోగమూ లేదు. అది మాత్రం ఈ పొయ్యి ముందు నిలబడి ఒట్టేసి చెబుతా. నువ్వు చేసినదాన్నే చెయ్యలేదని ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ చెబుతుంటే, నీ చేతిని నువ్వు నమ్ముతావా?

ఎప్పుడు తెలిసిందా?

ఇక్కడిదాకా వస్తావని తెలుసు. అమ్మ పోవడానికి ఆరు వారాల ముందు.

ఆవేళ నా కళ్ళ పరీక్ష. చుక్కలు వేశారు, మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అంతా పాలలో ముంచినట్టు మసక. మీ వదిన ఇంట్లో లేదు. టీ పెట్టుకుందామని ఈ చుట్ట మీదే నీళ్ళు కాచాను. దించాను. నాబ్ ముక్కు తడుముకుని పైకి తిప్పాను. మిగతా మూడింటికీ అలవాటైన చెయ్యి కదా, దానంతటదే తిప్పేసింది. కాసేపటికి కప్పు కోసం తడుముకుంటూ అరచెయ్యి ఆ చుట్ట మీద ఆనించాను.

ఈ మచ్చ షాపులో జిగురు గిన్నె తగిలి వచ్చిందని చెప్పాను కదూ నీకు. కాదే.

కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. మంట తెలియలేదు, నమ్ముతావా? ఆపానే, నా చేత్తో ఆపానే అనుకుంటున్నాను. అనుకుంటూ ఉంటే ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది.

గదిలోంచి అమ్మ, ఏమైందిరా అని కేకేసింది.

వెళ్ళి కాళ్ళ మీద పడాల్సింది కదూ? నువ్వు ఆపావమ్మా, ప్రతిసారీ ఆపావు, తప్పు నాదీ అని చెప్పాల్సింది. పది మాటలు కూడా లేవు. నేనేమన్నానో తెలుసా? ఏం లేదమ్మా, పొయ్యి ఆపడం మర్చిపోయాను, అన్నాను.

గోడ పట్టుకుని వచ్చింది. కాలిన చెయ్యి తీసుకుని, ఊదుతూ కూర్చుంది. తర్వాత చాలా మెల్లిగా అడిగింది.

'నా జబ్బు నీకూ వచ్చిందా నాన్నా?'

కాదని చెప్పలేదే నేను. నోరు పెగల్లేదని చెప్పొచ్చు, కానీ అది అబద్ధం. నోరు బాగానే ఉంది. నా చెయ్యి పడితే చచ్చిన సామాను లేస్తుందన్న మనిషికి, ఆ చేత్తోనే నిన్నిలా చేశానని చెప్పడం నాకు నామోషీ అయింది. అమ్మ మతి పోయిందని ఊరందరికీ చెప్పినప్పుడు లేని నామోషీ అది.

మర్నాడే వెళ్ళి అసలు స్విచ్చికి చెప్పాను. మూడు వారాలకి వచ్చింది. నువ్వు నమ్మవు, నెల కూడా పట్టలేదు. ఎవరూ లేనప్పుడు బిగించాను. చుక్క గీకేశాను. ముక్కు పైకుంటే ఆఫ్. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకొచ్చాను, ఓసారి తిప్పి చూడమ్మా, ఇప్పుడు నీకు బాగానే ఉంటుందన్నాను. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది, చిన్నపిల్లలా. వద్దులేరా, నువ్వు జాగ్రత్త, అంది. పోయేదాకా నా గురించే భయపడింది. తన దగ్గర్నుంచి నాకు అంటిందని.

అప్పట్నుంచి దేన్ని తిప్పినా వినబడుతుందే. కుళాయి కట్టినా, షాపులో అట్టలు బిగించే మర చక్రం తిప్పినా, వెనకనుంచి 'ఆపానురా' అంటుంది. కోపం కూడా ఉండదు ఆ గొంతులో. ఉంటే బాగుండును. ఏ పని చేస్తూ చెప్పేదో అలాగే, మామూలుగా అంటుంది. తిరిగి చూడను. చూస్తే ఆ చెయ్యి గాల్లో తిప్పి చూపిస్తుందని భయం.

అందుకే చెబుతున్నా. గొడుగు మర్చిపోతే మర్చిపోయావు, అంతే. నీ రక్తంలో ఏమీ లేదు. రేపు డ్యూటీకి వెళ్ళు. ఆ తర్వాత నా మొహం చూడకపోయినా సరే.

ఏమిటి? మళ్ళీ అడుగు.

'నేను ఇవాళ ఇలా ఏడుస్తూ రాకపోయి ఉంటే చెప్పేవాడివా' అనా?

లేదే. చెప్పేవాణ్ణి కాదు.