పై గీత ఖాళీ

వస్ఫీ బేగారు టాంటాలో పేరున్న ప్లీడరు, పక్క ఊళ్ళో సగం పత్తిచేల ఆసామి; 'బే' ఆయనకున్న బిరుదు. 1918 చలికాలం, ఈజిప్టంతా సంతకాల సందడి. "స్వాతంత్ర్యం అడగడానికి మిమ్మల్ని ఎవరు పంపారు?" అని ఇంగ్లీషువాళ్ళు నాయకుల్ని నిలదీశారు. "మేమే పంపాం" అని జనం కాగితాల మీద రాసిస్తున్నారు. పోలీసులు కనబడ్డ కాగితమల్లా లాక్కుపోతున్నారు.

సాయంత్రం కాఫీ దుకాణంలో బేగారు హుక్కా గొట్టం అందుకున్నారు.

"మొన్నో పల్లెకి వెళ్ళాన్లెండి. పెద్ద విషయమేం కాదు, ఓ నలభై సంతకాలు. ఇంతలో గుర్రమ్మీద ఇంగ్లీషు దొర! ఒక్క చూపు చూశానంతే, దిగిపోయి 'కలంలో సిరా ఉందా సార్?' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆయనా సంతకం పెట్టాడా?" అన్నాడు దర్జీ గిర్గిస్.

"ఆయనా, ఆయన గుర్రమూ! అక్కణ్ణుంచి పడవెక్కితే నైలు నడిమధ్యన పడవ కదల్దే! చూద్దును కదా, చుట్టూ చేపలు. మా ముద్రలూ వేయించుకోమని ఒకటే గోల."

"చేపలకి వేళ్ళెక్కడివి బేగారూ?"

"అందుకేగా రెక్క ముద్రలు వేయించింది! ఆ కట్ట బరువుకి అలెగ్జాండ్రియా రేవులో ఓడ ఒరిగిపోతే, కెప్టెను నా కాళ్ళ మీద పడ్డాడు."

దుకాణమంతా గొల్లుమంది. పత్తి కాటా దగ్గర పనిచేసిన మెత్వల్లీ మాత్రం నవ్వలేదు. సంతకం చేసినందుకు మొన్ననే అతని పని ఊడింది. చొక్కాలోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"మీ ఊరికి వెళ్ళొచ్చానండి. మీ రైతులు 'మా బేగారు పెట్టారా?' అనడిగారు. నాకు అబద్ధం రాలేదు, లేదన్నాను. అయినా అందరూ వేలిముద్రలు వేశారు. పై గీత మాత్రం ముట్టుకోనివ్వలేదు. 'అది ఆయనది, వస్తారు' అన్నారు."

బేగారు కాగితం కేసి చూశారు. కింద బొటనవేళ్ళ నల్లటి గుర్తులు, పైన తెల్లటి ఖాళీ. జడ్జీ ఉద్యోగం కోసం పెట్టుకున్న అర్జీ కైరోలో ఓ తెల్లదొర బల్ల మీద ఉంది. ఆ సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. ఇక్కడ పేరు పడితే అక్కడ అర్జీ చిరిగిపోతుంది. మరి వీళ్ళు? పట్టుబడితే దున్నుకునే చేనే పోతుందని తెలిసీ వేలు అద్దారు.

బేగారు గొట్టం పక్కన పెట్టారు.

"కలం ఇటివ్వు గిర్గిస్."

కోర్టులో గీకే పొట్టి సంతకం కాదు. తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, ఎవరైనా చదవగలిగేలా విడివిడిగా రాశారు. సిరా ఆరేదాకా కాగితాన్ని అరచేత్తో కాచుకున్నారు.

"ఇంకా ఏ ఊళ్ళు మిగిలాయి మెత్వల్లీ?"

"కాలవ అవతల మూడండి. దారిలో పోలీసులున్నారు."

"తెల్లారగానే నా బండిలో పోదాం. కాగితం నా దగ్గరుంచు. సోదా చేస్తే నన్ను చెయ్యనీ."

"చూపుతో దొరని గుర్రం దింపరా బేగారూ?" అన్నాడు గిర్గిస్ మెల్లగా.

"లేదురా," అన్నారు బేగారు, ఎర్ర టర్బూషు టోపీ సరిచేసుకుంటూ. "భయమేస్తోంది. అయినా వెళ్తాను."