మోతపని

నూజెండ్ల అవతల పుల్లయ్య చేను. ఆయన కొడుకు కోటేశు సరిహద్దు పోస్టులో చనిపోయి రెండు నెలలైంది. కోటేశుతో ఒకే బంకరులో ఉన్న సిపాయి రాజారత్నం సెలవు మీద సొంతూరు నాదెండ్ల వచ్చాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికి చేరాడు. ఇద్దరూ పక్కపక్క సాళ్ళలో పత్తి గింజలు పెడుతున్నారు. చెప్పాలని వచ్చిన మాట మాత్రం రాజారత్నం నోటిదాకా ఇంకా రాలేదు.

"మావాడి సంతాప సభకి మూడు దండలు తెచ్చాడబ్బాయ్ ఆ పార్టీ నాయకుడు. ఒకటి మావాడి ఫొటోకి, ఒకటి నాకు, ఒకటి ఆయనకే. ఆయన దండే లావు."

"దండల సంగతి నాకు తెలవదు గాని బాబాయ్, సెంటర్లో ఫ్లెక్సీ చూశా. కోటేశు ఎక్కడో మూలనున్నాడు."

"తపాలా బిళ్ళంత. ఆయనేమో నిలువెత్తు. చూసినోళ్ళు పోయింది ఆయనేననుకున్నారు. గింజ లోతుగా పెట్టబాక."

"పెట్టట్లేదులే. గుంటలు తవ్వటం మాకు బాగా అలవాటు."

"తుపాకి పేల్చటం కంటేనా?"

"తుపాకిదేముంది, అదీ మోతే. నీళ్ళ మోత, కిరసనాయిలు మోత, ఇసక బస్తాల మోత. గాడిదలని రాసుకోబోయి సిపాయిలని రాసుకున్నారు మమ్మల్ని."

"ఇక్కడ ఎరువు కట్ట లేపమంటే నడుం పట్టిందనేవాడు."

"అక్కడా అన్నాడు. డాక్టరు కొండ దిగువనుంటాడు, పోయి చూపించుకో, వచ్చేటప్పుడు రెండు బస్తాలు ఎత్తుకురా అన్నాడు సుబేదారు."

"మరి తిండి? ఫోన్లో ఎప్పుడడిగినా కోడికూరే అనేవాడు."

"కోడికూరా... ఆ, ఉంది. ఒకరోజు."

"ఒకరోజేంది?"

"మిగతా రోజులు పూరీలు. నాలుగు రోజుల నాటివి. విరిస్తే చప్పుడయ్యేది. అవతలోళ్ళు విని గుండేస్తారని నానబెట్టి చప్పరించేవోళ్ళం."

"నువ్వు కూడా మావాడి బాపతే. కోతలు."

"పూరీల చప్పుడు కోతే. మిగతాది నిజం. అన్నం వండితే పొగ లేస్తది, పొగ లేస్తే గుండు పడుద్ది. ఇంక ఏం వండుతాం?"

"నిద్రన్నా పోయేవాళ్ళా?"

"రెండు గంటలు కాపలా, రెండు గంటలు నిద్ర. మేం నిద్రపోతే ఎలకలు డ్యూటీకి దిగేయి. ఒకటి కోటేశు చెవి కొరికింది. దీనికి మెడలిస్తారా సార్ అనడిగాడు సుబేదారుని. నీకా ఎలకకా అన్నాడాయన."

"స్నానం సంగతి అడగొచ్చా?"

"ఇరవై ఆరు రోజులు లేదు. మా వాసనకి భయపడే శత్రువు దగ్గరికి రాట్లేదనేవాడు కోటేశు."

"ఇయ్యన్నీ మీ పిన్ని కాడ అనబాక. ఆమె లెక్కలో వాడు అక్కడ ఒళ్ళు చేశాడు."

"అననులే బాబాయ్. ఇక్కడ టీవీలో ఏం చూపించారు?"

"ఏం చూపించలేదని అడుగు. దావూద్ టీకొట్టు కాడ చూసేవాళ్ళం. గ్లాసు చల్లారేలోపల టీవీవోళ్ళు అవతల దేశంలో ఒక ఊరు పట్టుకునేవోళ్ళు. రెండో టీ చెప్తే ఇంకో ఊరు."

"మేం ఆ నెలంతా ఒక బండ వెనకే ఉన్నాం."

"పేపర్లో కూడా రాశార్లే. తుపాకి పట్టుకుని ఎదురెళ్ళి పోయాడని. ఎదురెళ్ళాడా?"

"పేపరోళ్ళు రాశారుగా."

"నిన్నడుగుతున్నా."

"ఈ సాలు అయిపోయింది బాబాయ్. ఆ చివర నుంచి మొదలుపెడదామా..."

"రత్నం."

"నీళ్ళు తెస్తున్నాడు. రెండు చేతులా రెండు డబ్బాలు. సగం కొండ ఎక్కాడు. గుండొచ్చి పక్కన బండకి తగిలింది, ముక్కలు లేచి వాడికి తగిలినయ్. తుపాకి వీపునే ఉంది. దాన్ని ముట్టుకోను కూడా లేదు."

"నీళ్ళు పోయినయ్యా?"

"ఒక డబ్బా పోయింది. ఒకటి బాగానే ఉంది. సాయంత్రం అందరం అయ్యే తాగాం బాబాయ్."

"తాగక ఏం చేస్తారు. మోసుకొచ్చింది తాగటానికే గదా."

"అట్టా అనబాక. నీకు పూర్తిగా తెలవదు."

"ఏం తెలవదు?"

"ఏం లేదులే. ఆ గింజల సంచి ఇటియ్యి."

"సంచి నీ చేతిలోనే ఉంది."

"ఆ రోజు వంతు వాడిది కాదు బాబాయ్. నాది. నా మడమలు పగిలి చీము పట్టినయ్. బూటు ఎక్కట్లా. నువ్వు కుంటుకుంటా పోయొచ్చేసరికి ఇక్కడ గొంతులెండి చస్తాం, నే పోతాలే అని డబ్బాలు లాక్కున్నాడు. నే పొమ్మనలా. ఆగమని కూడా అన్లా. వాడు పోతుంటే హాయిగా కాళ్ళు చాపుకున్నా. ఇది చెప్పటానికే వచ్చా. వచ్చి, రెండు గంటల నుంచి ఎలకల కబుర్లు చెప్తున్నా."

"తెలుసు."

"నీకెట్టా తెలుసు?"

"నీళ్ళ కాడ ఫోనుంటదంట గదా, దిగినోడికి రెండు నిమిషాలిస్తారంట. ఆ పొద్దున ఆడ నుంచే చేశాడు. ఇయ్యాల రత్నం వంతు నాన్నా, వాడి మడమలు బాగాలేవు, నే వచ్చా అన్నాడు. మీ పిన్నితో కూడా మాట్లాడాడు. నీ వంతుకి దిగబట్టే ఆ మాత్రం వాడి గొంతు విన్నాం."

"బాబాయ్..."

"పొద్దుటి నుంచి నీ నడకే చూస్తున్నా, ఇంకా మానలా. ఆ చెప్పులిప్పి గట్టెక్కు. ఇంటికాడ నిన్ను చూసే మీ పిన్ని ఆముదంలో పసుపు కాచి, అన్నం క్యారేజీతో పాటు పంపించింది."