తొమ్మిదెకరాల దారికి నార్మన్ సాక్ష్యం

నార్మన్ గ్యారట్ కోతలు నలభై ఏళ్ళుగా వింటున్నాను. వైట్ హేర్ పబ్బులో కిటికీ పక్క బల్ల వాడిది, ఎదురు కుర్చీ నాది. వాడు పట్టిన చేప తోకని ఏట్లోనే వదిలి రావాల్సొచ్చిందని చెప్పినా, వాడి గుమ్మడికాయని తలుపులోంచి తేవడానికి గోడ పడగొట్టారని చెప్పినా, తలాడించి నా బీరు నేను తాగాను. వాడి నోటికి నేనెప్పుడూ భయపడలేదు. ఆ గురువారం పొద్దున మాత్రం భయపడ్డాను.

మా పబ్బు వెనక తలుపు దగ్గర మొదలై, ఆపిల్ తోట దాటి, తొమ్మిదెకరాల పొలం మీదుగా వాగు దాటి, అడవి అంచున చుట్టు తిరిగి, మళ్ళీ పబ్బు ముందు తలుపు దగ్గరే తేలే కాలిదారి ఒకటుంది. మొత్తం మూడు మైళ్ళు. ఆదివారాలు పట్నం జనం ఆ చుట్టు తిరిగొచ్చి, బురద బూట్లు గుమ్మంలో విప్పి, బెరిల్ కాల్చే మాంసం రొట్టె తిని, బీరు తాగి పోయేవాళ్ళు. ఆవిడ పబ్బు నడిచేది వాళ్ళ మీదే. పోయిన ఏడు పొలం కొన్న లాసెల్స్ గారు, ఇక్కడ దారేమిటి, ఇది నా పొలం అని తొమ్మిదెకరాల చుట్టూ ముళ్ళతీగ కట్టించాడు. చుట్టు తెగిపోయింది, జనం మానేశారు. దారి తిరిగి రాకపోతే చలికాలం లోపు పబ్బు మూసేస్తానని బెరిల్ నాతో చెప్పింది.

ఆ దారి సంగతి తేల్చడానికే ఆవేళ విచారణ. ఊరి హాలు కప్పు కారుతోందని పబ్బులోనే పెట్టారు. విచారణ జరపడానికొచ్చిన అధికారి మిస్ ప్రిచర్డ్ ముందుగా అందరికీ అర్థమయ్యేట్టు చదివి వినిపించింది. ముళ్ళతీగ కట్టకముందు ఇరవై ఏళ్ళు తెగకుండా జనం నడిచారని తేలితే అది జనం దారి అవుతుంది. కానీ ఆ నడక బలవంతంగా ఉండకూడదు, దొంగచాటుగా ఉండకూడదు, ఆసామి అనుమతి తీసుకుని ఉండకూడదు. ఎవరి దారిన వాళ్ళు పోతున్నట్టు మామూలుగా పోయి ఉండాలి.

అలా ఇరవై ఏళ్ళు నడిచినవాడు ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. బెరిల్ ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్ళే. నేను ముప్ఫై ఏళ్ళు అక్కడే తిరిగాను గానీ, ఆ పొలంలో పశువులు చూసుకునే జీతగాణ్ణి, ఆసామి పనిమీద వేసిన నా అడుగులు లెక్కలోకి రావు. ఇరవై రెండేళ్ళు ప్రతి ఆదివారం నడిచింది నార్మనే.

ఉన్నది ఉన్నట్టు చెప్పి కూర్చోమని బెరిల్ వాడికి పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పింది. సరేనన్నాడు. కానీ వాడు పెళ్ళి కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. అది చూడగానే, వీడు కోతలు కోయడానికే వచ్చాడని తెలిసిపోయింది.

"రాసుకోండమ్మా," అన్నాడు నార్మన్, నిండిన పబ్బుని ఒకసారి కలియజూసి. "నడకంటే బజారుకెళ్ళి రొట్టె తెచ్చుకోవడం కాదు. తోట చివర కంచె దాటడానికి చెక్కమెట్లున్నాయి చూశారూ, ఎంత ఎత్తనుకున్నారు? నా నడుమంత. నడుమంతేమిటి, ఛాతీ అంత. నాకు ఎడమ మోకాలు వంగదు. అయినా ఒక్క గెంతు, అంతే, అవతల ఉండేవాణ్ణి."

జనం నవ్వారు. మిస్ ప్రిచర్డ్ కూడా నవ్వి, తేదీలు అడగబోయింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. లాసెల్స్ తరఫు లాయరు, సన్నటి మనిషి, కుర్చీలో ముందుకి జరిగాడు. "చాలా కష్టమైన దారిలా ఉందే. తర్వాతేమైంది గ్యారట్ గారూ?"

ఊళ్ళో వాణ్ణి గారూ అని పిలిచినవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటతో వాడి మెడ రెండంగుళాలు పెరిగింది.

"తర్వాతేమైందో చెబితే మీరు నమ్మరు బాబూ. తొమ్మిదెకరాల గేటు. దానికి గొలుసు, నా మణికట్టంత లావు. ఆ గొలుసుకి తాళం, ఇదిగో ఈ పళ్ళెమంత. వేరేవాడైతే వెనక్కి తిరిగిపోయేవాడు. నేను రెండు చేతుల్తో పట్టుకుని ఒక్క మెలి తిప్పితే..."

"గేటుకి తాళం ఉండేదా?" మిస్ ప్రిచర్డ్ కలం ఆగింది.

"ఒకటేమిటమ్మా, ప్రతి ఆదివారం కొత్త తాళమే. విరిగినవి తూకానికేస్తే బండెడు."

లాయరు గబగబా రాసుకున్నాడు. బెరిల్ గ్లాసు తుడవడం ఆపేసింది. నేను బల్ల కింద నార్మన్ కాలు తన్నాను. వాడు కాలు పక్కకి తీసుకుని సాగిపోయాడు.

ఆ తర్వాత వాణ్ణి పట్టలేకపోయాం. పాత ఆసామి ట్రాంటర్ రెండు గొట్టాల తుపాకీతో గడ్డివాము వెనక కాపు కాసేవాడట. అందుకని నార్మన్ గట్టు వారన, గడ్డిలో, పొట్ట మీద పాక్కుంటూ, పిట్టక్కూడా తెలియకుండా పోయేవాడట. ఓసారి తుపాకీ పేలి టోపీకి చిల్లులు పడితే, వాళ్ళావిడ దాన్ని వడపోతకి వాడుకుందట. దొంగచాటుగా వెళ్ళేవారన్నమాట అని లాయరు మెత్తగా అడిగితే, దొంగలకి నేర్పేంత చాటుగా అన్నాడు వీడు. ఎవరూ నవ్వలేదు. ఊపిరి బిగబట్టి వింటున్నారనుకున్నాడు వెర్రివాడు.

"ఇప్పుడు ఎద్దు సంగతి వినండి. ట్రాంటర్ నా మీదికి ఆంబోతుని వదిలాడు. దాని ఊపిరికే కంచె పడిపోయింది. పారిపోయానా? కొమ్ములు పట్టుకుని మీదెక్కి కూర్చున్నాను. అది తొమ్మిదెకరాలూ ఏడు చుట్లు తిరిగి, వరదలో ఉన్న వాగు ఒక్క దూకులో దాటి, అడవి మీంచి, నిజం చెబుతున్నాను, చెట్ల కొనలు నా బూట్లకి తగుల్తుండగా, తీసుకొచ్చి ఇదే పబ్బు ముందు దించింది. పోసిపెట్టుకున్న బీరు నురగైనా తగ్గలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్రాంటర్ వచ్చి, తుపాకీ నా కాళ్ళ దగ్గర పెట్టి, నార్మన్, నీకు లేని దారేమిటయ్యా, బతికున్నంతకాలం నడుచుకో, నీకు అనుమతిస్తున్నా అన్నాడు."

బలవంతం, దొంగచాటు, అనుమతి. ఉండకూడదన్నవి మూడూ వచ్చేశాయి. లాయరు కలానికి మూత పెట్టాడు. "నాకింకేమీ అడగాలని లేదు," అన్నాడు.

బెరిల్ నార్మన్‌ని చూడలేదు. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది. నేను లేచి నిలబడి, ఒక మాట చెప్పాలన్నాను. పేరూ పనీ చెప్పమంది మిస్ ప్రిచర్డ్. పెర్సీ లౌండ్స్, ట్రాంటర్ దగ్గర ముప్ఫై ఏళ్ళు పశువులు చూసినవాణ్ణి అన్నాను.

"ఆ ఆంబోతుని పెంచింది నేనమ్మా. దాని పేరు బిస్కెట్. దానికి పిడుగన్నా, బాతులన్నా భయం. వీడు ఆదివారం ఆపిల్ తెచ్చి అరచేత్తో పెట్టేవాడు. గేటుకి తాళం లేదు, గడ్డిమోపులు కట్టే తాడు ముక్క చుట్టి ఉండేది. ట్రాంటర్‌కి తుపాకీ లేదు, చూపే సరిగ్గా లేదు. పదకొండున్నరకి వీడు నా కొట్టం ముందు నుంచి, రోడ్డు మీద పోయినట్టు పోయేవాడు. నా మోకాలెలా ఉందని అడిగేవాడు, తన మోకాలి గురించి చెప్పేవాడు."

"అంటే సాక్షి ఇప్పటిదాకా అబద్ధాలు చెప్పాడని మీరే ఒప్పుకుంటున్నారు," అన్నాడు లాయరు. "మరి నడిచాడన్నది మాత్రం ఎందుకు నమ్మాలి?"

"వీడు అబద్ధాలు చెబుతాడని ఊరంతా ఒప్పుకుంటుంది బాబూ. వీడు కోయని కోత లేదు. చేప మీద కోశాడు, గుమ్మడికాయ మీద కోశాడు, మా అత్తగారి మీద కూడా కోశాడు. ఆ దారి మీద మాత్రం ఇవాళ్టిదాకా ఒక్కటంటే ఒక్క కోత కోయలేదు. ఇరవై రెండేళ్ళు ఆదివారం ఆదివారం నడిచొచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, దాని గురించి చెప్పింది ఏమీ లేదు. తాళమో తుపాకీయో నిజంగా ఉంటే వీడు ఊరుకునేవాడా? ఆ దారి మీద వీడి కోత విన్నవాళ్ళెవరైనా ఉంటే లేవండి."

ఎవరూ లేవలేదు. మిస్ ప్రిచర్డ్ అందరినీ ఒక్కొక్కరినే చూసింది. ఆ పైన నార్మన్ వైపు తిరిగింది.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. అంతమంది ముందు వాణ్ణి అలా నిలబెట్టినందుకు నాకు సిగ్గేసింది. ఒప్పుకుంటే బతికున్నంతకాలం పబ్బులో వాణ్ణి ఏడిపిస్తారు, అది వాడికీ తెలుసు. ఒప్పుకోకపోతే పబ్బే ఉండదు. వాడు బెరిల్ చేతిలో గ్లాసుని చాలాసేపు చూశాడు.

"గ్యారట్ గారూ," అంది మిస్ ప్రిచర్డ్, "ఆ దారిలో ఇరవై రెండేళ్ళలో ఏం జరిగింది?"

నార్మన్ పెళ్ళి కోటు గుండీ ఒకటి విప్పుకున్నాడు.

"ఏమీ జరగలేదమ్మా."

"ప్రతి ఆదివారమూ?"

"ప్రతి ఆదివారమూ. ఇంటిదగ్గర మా ఆవిడ తొమ్మిదేళ్ళు మంచం మీద ఉంది. అక్కడ రోజూ ఏదో ఒకటి జరిగేది. ఇక్కడ ఏమీ జరగదనే వచ్చేవాణ్ణి. గేటు తీసేవాణ్ణి, వేసేవాణ్ణి. ఎవరూ ఆపలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు."

మిస్ ప్రిచర్డ్ తలొంచుకుని రాయడం మొదలెట్టింది. నార్మన్ మెడ సాచి ఆ కాగితం వంక చూశాడు. నలభై ఏళ్ళలో వాడి మాట ఒక్కటి ఉన్నదున్నట్టు ఎవరైనా రాసుకోవడం అదే మొదలు.

"మెల్లిగా రాసుకోండమ్మా," అన్నాడు. "కావాలంటే మళ్ళీ చెబుతాను."