ఎనభై మంది పట్టిన గుమ్మడికాయ

కండక్టరు కోతల సంగతి ఆ వీధిలో తెలియని మనిషి ఎవరైనా ఉన్నారంటే, నెల కిందట ఎదుటి మేడ మూడో అంతస్తులో దిగిన టైలరమ్మ ఒక్కతే. అందుకే ఆ పొద్దున ఆరూ పదికి ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని పార్కు గేటెదురుగా ఉన్న టీ కొట్టుకి వచ్చేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రోజుకి వెయ్యి మంది ఆయన మాట విని ముందుకు జరిగారు. రిటైరయ్యాక ఇంట్లోవాళ్ళు కూడా జరగడం మానేశారు. అలాంటి మనిషికి కొత్త చెవులు రెండు దొరికితే ఊరుకుంటాడా?

పైగా ఆ వేళ ఆయన జేబులో పార్కు తాళంచెవి ఉంది.

ఆ పార్కుని చూసుకునేది వీధివాళ్ళే. సగం పిల్లల ఆటస్థలం, మిగతా సగం కూరగాయల మళ్ళు, మొత్తం పన్నెండు, ఇంటికొకటి. ఏడేళ్ళుగా దానికి పెద్దదిక్కు రిటైరైన నర్సమ్మ. వచ్చే వారం ఆవిడకి మోకాళ్ళ ఆపరేషను, ఆ తర్వాత రెండు నెలలు కదలకూడదు. అక్కడ నీళ్ళు ఆరింటికి వచ్చి ఏడింటికల్లా ఆగిపోతాయి. తాళంచెవి ఉన్నవాళ్ళు కుళాయి పెట్టె తెరిచి, మడికి అయిదు నిమిషాల చొప్పున పైపు మార్చుకుంటూ పోవాలి. ఎండలు ముదిరాయి, ఒక్క పూట తప్పినా లేత మొక్కలు తల వాల్చేస్తాయి. నిన్న సాయంత్రం నర్సమ్మ ఆ తాళంచెవి కండక్టరు చేతిలో పెట్టి, "రేపొక్క పూట చూస్తాను. సరిగ్గా జరిగితే ఆ రెండు నెలలూ మీరే పెద్ద" అంది. అప్పట్నించి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు.

పన్నెండో మడి టైలరమ్మది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మట్టిలో వేలు పెట్టి ఎరగదు. ఎప్పుడూ అద్దె గదులే, ఎప్పుడూ పై అంతస్తులే. ఎనిమిది రోజుల కిందట పెట్టిన చిక్కుడు గింజలు ఆరుకి ఆరూ మొలిచి, నిన్న నాలుగో ఆకు విప్పాయి. గుండీ అంత గింజలో ఇదంతా ఎక్కడ మడిచి పెట్టి ఉందో ఆవిడకి అంతు పట్టడం లేదు. అలాంటి పార్కుకి పెద్ద కాబోతున్న మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే, ఆవిడ ఫ్లాస్కు సంగతి మరిచిపోయి బెంచీ మీద కూర్చుంది. గేటు లోపల్నించి నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆవిడ మనసుకి ఎంతో హాయిగా ఉంది.

"మొదట్లో ఇక్కడ ఏముందనుకున్నావమ్మా?" అని ఎత్తుకున్నాడు కండక్టరు. "ముళ్ళకంపలు, విరిగిన కుర్చీలు, ఊళ్ళో చెత్తంతానూ. నర్సమ్మ గునపం పట్టుకుని నిలబడి ఎవరొస్తారా అని చూస్తోంది. నేనొచ్చాను. ఒక్కణ్ణే. పొద్దున గునపం పట్టినవాణ్ణి మధ్యాహ్నానికి ఒక మడి తయారు చేసి మరీ దించాను."

"ఒక మడి మాట నిజమే" అన్నాడు టీ కొట్టాయన పాలు పొంగకుండా చూసుకుంటూ.

"అదీ. సాక్ష్యం ఉంది. అయితే మట్టి రాయిలా ఉందమ్మా, గింజ దిగదు. మట్టి గుల్లబారాలంటే వానపాములు కావాలి. ఎక్కణ్ణించి తెస్తాం? నేనేం చేశానో తెలుసా? జేబులోంచి విజిల్ తీసి రెండు ఊదాను. అంతే. గోడ కింద నుంచి ఒకటి తలెత్తి చూసింది, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంక చెప్పక్కర్లేదు, జనం. నేను గేటు దగ్గర నిలబడి 'జరగండి, ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది' అంటున్నాను, అవి వరసలో వెళుతున్నాయి. మడికి నలభై చొప్పున దింపుకుంటూ పోయాను. ఒక్కటి మాత్రం దిగనని మొరాయించింది. దాని స్టాపు ఇంకా రాలేదట."

"టికెట్లు కొట్టావా అన్నా?" అన్నాడు పక్క కొట్లో తాళాలు బాగుచేసే ఆయన, నవ్వకుండా.

"సేవ చెయ్యడానికి వాటంతటవి వచ్చాయయ్యా, టికెట్టు ఎలా అడుగుతాను?"

టైలరమ్మ ముక్కున వేలేసుకుంది. "మాట వింటాయా బాబాయిగారూ?"

"చెప్పేవాడు చెబితే వింటాయమ్మా. సరే, మట్టి మెత్తబడింది. అప్పుడు పెట్టాను గుమ్మడి గింజ. ఒకే ఒక్కటి. సోమవారం పెట్టానా, మంగళవారం మొలిచింది, బుధవారం గోడెక్కింది. గురువారం రోడ్డు దాటుతోంటే చెయ్యి అడ్డం పెట్టి బస్సు నేనే ఆపాను, తీగ దాటాక రైట్ రైట్ అన్నాను. శుక్రవారం పొద్దున ఇదిగో, నువ్వు దిగిన మేడ, మూడో అంతస్తు, ఈ కిటికీలోంచి లోపలికెళ్ళి ఆ కిటికీలోంచి బయటికొచ్చింది. అప్పుడున్న ఇల్లాలు ఏదో తాడు కట్టారనుకుని దాని మీద బట్టలారేసింది. సాయంత్రం ఆ బట్టలు రెండు వీధుల అవతల దొరికాయి."

టైలరమ్మ తల తిప్పి తన కిటికీ వంక చూసింది. ఇప్పుడక్కడ తన కుట్టు మిషను ఉంది. ఇన్నాళ్ళూ అది ఉత్త కిటికీ అనుకుంది పాపం. ఎండిపోయిన గింజ నాలుగాకులు విప్పడం కళ్ళారా చూసిన మనిషికి మిగతాది నమ్మడం ఎంతసేపు?

"కాయ కాసిందా?"

"అలా అడుగు. కాసింది. పొద్దున మనిషి తలంత, మధ్యాహ్నానికి ఈ టీ కొట్టంత."

"నా కొట్టు పెద్దదేం కాదులే" అన్నాడు టీ కొట్టాయన.

"సాయంత్రానికి చూడాల్సింది. ఆటస్థలంలో జారుడుబల్ల మీదకి వాలింది. గేటులోంచి బయటికి రాదు, కొయ్యాలంటే కత్తి దిగదు. నిచ్చెన వేసి పైకెక్కి లోపలంతా తొలిపించి, తలుపు పెట్టించాను. తాళం ఎవరు బిగించారో ఇదిగో, ఈయన్నే అడుగు."

"నేనే" అన్నాడు తాళాలాయన. "గుమ్మడికాయకి తాళం బిగించడం నాకదే మొదలు."

"ఆ తర్వాత వాన. వానంటే మామూలు వానా? వీధి వీధంతా పరుగెత్తుకొచ్చి అందులో దూరింది. ఎనభై మందమ్మా, లెక్కపెట్టాను. ఇద్దరు నిలబడాల్సొచ్చింది, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. ఇంతలో నీళ్ళు పెరిగాయి. కాయ కదిలింది. తేలింది. లోపల ఎనభై మంది గొల్లుమన్నారు. అప్పుడు నేను తలుపు దగ్గర ఒంటి కాలి మీద నిలబడి, ఒక చేత్తో తీగ పట్టుకుని, రైట్ రైట్ అన్నాను. గేటు పక్క గోడ మీదుగా దాటించాను. వీధి చివరిదాకా నడిపించి, ఎవరి గుమ్మం ముందు వాళ్ళని దింపాను. ఒక్కరి చెప్పు తడవలేదు. నర్సమ్మ దిగుతూ, 'మీరే లేకపోతే ఏమైపోయేవాళ్ళమో' అని కళ్ళు తుడుచుకుంది."

ఆ చివరి మాట దగ్గర ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. టైలరమ్మ బెంచీ అంచుకి జరిగింది. ఇంత మనిషి ఇంత చిన్న బెంచీ మీద కూర్చుని మామూలుగా టీ తాగుతున్నాడే అనుకుంది.

"అందుకే చెబుతున్నానమ్మా, నర్సమ్మని రెండు నెలలు కాదు, రెండేళ్ళు నిశ్చింతగా పడుకోమను. తాళంచెవి నా దగ్గరుండగా ఈ పన్నెండు మళ్ళలో ఒక్క మొక్క, ఒక్క పూట గొంతెండితే నా విజిల్ విరిచి పారేస్తాను."

టైలరమ్మ భక్తిగా తలాడించింది. ఆవిడ కొలతల మనిషి, కళ్ళు వాటంతటవే కొట్లో గోడ గడియారం మీదకి పోయాయి.

"బాబాయిగారూ, తెలియక అడుగుతున్నాను. ఆరూ నలభై అయిదయింది. మడికి అయిదు నిమిషాలంటే పైపు ఈపాటికి తొమ్మిదో మడి దాటి పదో దాంట్లోకి రావాలి కదండీ. మీరేమో ఇక్కడున్నారు. మరి అక్కడ పైపు మారుస్తున్నది కూడా వానపాములేనా?"

వెటకారం ఇసుమంత కూడా లేదు. ఆవిడ నిజంగానే అడిగింది.

కండక్టరు చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆరింటికి కుళాయి తిప్పి, పైపు ఒకటో మడిలో, తన మడిలోనే పడేసి, ఒక్క టీ తాగి వద్దామని వచ్చాడు. టీ కొట్టాయన పొయ్యి కట్టేశాడు. తాళాలాయన నేల చూపులు చూస్తున్నాడు. ఇద్దరూ ఇంతసేపూ వింటూ కూర్చున్నవాళ్ళే కదా. పొయ్యి హోరు ఆగేసరికి నీళ్ళ చప్పుడు మరీ గట్టిగా వినిపించింది.

"నీది ఎన్నో మడమ్మా?" అన్నాడు కండక్టరు. ఆ గొంతు టైలరమ్మ అప్పటిదాకా విననిది.

"పన్నెండు."

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టి పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి, చెప్పులు రోడ్డు మీదే వదిలేశాడు. ఒకటో మడి చెరువైపోయింది. ఆయన టమాటా మొక్కలు వేళ్ళతో సహా లేచి నీళ్ళ మీద తేలుతున్నాయి. వాటి వంక చూడకుండా పైపు అందుకుని తిన్నగా పన్నెండుకి ఈడ్చుకుపోయాడు. ఆరు చిక్కుడు మొక్కలూ తల వాల్చి ఉన్నాయి. వంగి, అరచెయ్యి అడ్డం పెట్టి, మట్టి కోసుకుపోకుండా నెమ్మదిగా నీళ్ళు వదిలాడు. తర్వాత పదకొండు, పది, అలా గబగబా ఎనిమిదిదాకా. అటునించి టీ కొట్టాయన కెటిల్‌తో, తాళాలాయన బకెట్‌తో, టైలరమ్మ ఫ్లాస్కుతో ఒకటో మడిలో నిలిచిన నీళ్ళు ముంచి రెండో మడి నుంచి అయిదో మడిదాకా మోశారు. ఎవరూ విజిల్ ఊదలేదు. సరిగ్గా ఏడింటికి పైపు గరగరలాడి ఆగిపోయింది. ఆరో మడికీ ఏడో మడికీ ఫ్లాస్కు నీళ్ళే దక్కాయి.

తల ఎత్తి చూస్తే గేటు దగ్గర నర్సమ్మ, చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో తెలియదు. చెయ్యి చాపింది. కండక్టరు జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. పెడుతుంటే ఆయన మొహం చూడలేక టైలరమ్మ కళ్ళు దించుకుంది.

నర్సమ్మ ఆ తాళంచెవిని టైలరమ్మ మెడలో వేలాడుతున్న కొలతల టేపు కొసకి కట్టింది. "గడియారం చూసేవాళ్ళ దగ్గర ఉండనీ" అంది. తర్వాత కండక్టరు వైపు తిరిగి, "పైపు బరువు, ఈవిడ ఒక్కతే ఈడ్చలేదు. రేపు ఆరింటికి రండి. టీ సంగతి తరవాత" అని కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కండక్టరు గట్టు మీద కూలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళదాకా బురద. తేలిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు. టైలరమ్మ వచ్చి దగ్గర్లో కూర్చుంది. ఆవిడకి ఆయన మీద కోపం రాలేదు, కానీ ఒక సంగతి తేలకపోతే ఆ రోజు కుట్టు పని సాగేలా లేదు.

"బాబాయిగారూ, ఆ గుమ్మడికాయ నిజంగా ఎంతుండేది?"

ఆయన అలవాటు కొద్దీ రెండు చేతులూ బారెడు చాపాడు. పన్నెండో మడి వైపు ఒకసారి చూశాడు. చేతులు నెమ్మదిగా దగ్గరికి తెచ్చాడు, ఇంకా దగ్గరికి తెచ్చాడు. చివరికి మధ్యలో రెండు పిడికిళ్ళు పట్టేంత ఖాళీ ఉంచి ఆపాడు.

"ఇంత. అదొక్కటే కాసింది."

టైలరమ్మ ఆ చేతుల మధ్య ఖాళీని చాలాసేపు చూసింది. మెడలోంచి టేపు తీసి, తాళంచెవి వేలాడుతుండగానే, ఆ ఖాళీని కొలిచింది.

"ఒక్క గింజకి అంత పెద్ద కాయా?" అంది నోరెళ్ళబెట్టి.