టేపు రెండోవైపు

టైలరు కోతలు మొదలుపెడితే టీకొట్టులో ఎవరి గ్లాసైనా చల్లారాల్సిందే. ఆ వీధికి కొత్తగా వచ్చిన వడ్రంగి మాత్రం, ఎక్కడో ఒకచోట దొరికిపోతాడులే అని చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"మా పాప గౌను నెల తిరక్కుండా పొట్టయిపోయిందంటే నమ్మండి," అన్నాడు టైలరు. "సరే, అంచు మడత విప్పాను. మళ్ళీ పొట్టే. కొత్తది మొదలుపెట్టా. మణికట్టు దాకా కుట్టిన చేతులు, నేను మెడ కుట్టేసరికి మోచేతికి చేరాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడమీద పిన్నిగారు చక్కెర అడిగితే, మెట్లెక్కడం దేనికని వీధిలో నిలబడే కిటికీలోంచి అందించింది."

"నిక్కి అందించిందా, వంగి అందించిందా?" అన్నాడు టీకొట్టాయన మెల్లగా.

"వంగే. ఇప్పుడు ఇంట్లోకి రావాలంటే తలకి గుమ్మం తగులుతోంది. ఎత్తించాలి. కోతలనుకుంటారేమో, లెక్కుంది నా దగ్గర. పోయిన పుట్టినరోజుకి నలభై. నిన్నటి పుట్టినరోజుకి నూట రెండు. ఏడాదికి అరవై రెండు, అంటే సగటున నెలకి అయిదు పైమాటే. ఎవరింట్లోనైనా ఉందా అలాంటి పిల్ల?"

వడ్రంగి లేచి టైలరు మెడలో వేలాడుతున్న టేపు కొస పట్టుకుని తిప్పాడు.

"ఈ వైపు అంగుళాలు, ఆ వైపు సెంటీమీటర్లు. అంగుళానికి రెండున్నర పైచిలుకు. మీ నలభై, మీ నూట రెండు ఒకటే బాబాయ్. నెలకి అయిదు కాదు, సున్నా."

నవ్వుతారని చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. టీకొట్టాయన కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతున్నాడు. తనకి తప్ప అందరికీ ముందే తెలుసని వడ్రంగికి అప్పుడు తట్టింది. ఎందుకు నోరు పారేసుకున్నానా అని మనసు చివుక్కుమంది.

"బతుకంతా మెడలో టేపే కదయ్యా, నాకు తెలీదా," అన్నాడు టైలరు. "ఇక పెరగదేమో అన్నాడు డాక్టరు. నిన్న అది గోడకి ఆనుకుని నిలబడి, ఎంత పెరిగాను నాన్నా అంది. సున్నా అనడానికి నోరు రాలేదు. టేపు తిప్పి కొలిచాను."

వడ్రంగి చేతిలోని టేపు కొస వదిలేశాడు.

"గుమ్మం ఎత్తించాలన్నారుగా బాబాయ్," అన్నాడు. "ఎప్పుడు రమ్మంటారు?"

టైలరు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"తొందరేం లేదయ్యా," అన్నాడు.